‘చాలు’ అన్న మాట విలువ

మనిషి ఆకలికి వెల కట్టడం ఎంత పాత విద్యయో, ఆ వెలకు తగిన హద్దు గీయడం కూడ అంత పాత విద్యయే. ‘ఇంత చెల్లించినవారికి ఎంతైనా’ అనే బేరం ఇటీవల సముద్రంమీద తిరిగే విహారనౌకలలో మిక్కిలి ప్రచారానికి వచ్చినది. ఒకప్పుడు పాశ్చాత్య ధనికుల వినోదంగా పుస్తకాలలో చదువుకొన్న నౌకావిహారం నేడు గోదావరి డెల్టాలోని మధ్యతరగతి కుటుంబాలకు కూడ అందని పండు కాదు. 2022 జూన్‌లో కార్డీలియా సంస్థవారి ‘ఎంప్రెస్’ నౌక విశాఖపట్నం నుండి పుదుచ్చేరి, చెన్నై రేవులకు ప్రయాణికులను తీసుకొనిపోయినది. 2023 సెప్టెంబరులో విశాఖ రేవున విహారనౌకల కోసమే ఒక అంతర్జాతీయ టెర్మినల్ ప్రారంభమైనది. అమెరికాలో స్థిరపడిన బిడ్డలను చూడబోయిన తలిదండ్రులు కరీబియన్ సముద్రంలో వారం దినాలు తిరిగివచ్చి, ఆ ముచ్చట్లు ఇరుగుపొరుగుకు చెప్పుకొనడం రామచంద్రపురం, మండపేట, ద్రాక్షారామం ప్రాంతాలలో వింత కాదు. కనుక ఆ నౌకలలో అమ్మే ‘అపరిమిత పానీయాల ప్యాకేజీ’ని గురించి ఇక్కడి పాఠకుడు ఆలోచించడం పరాయి ఇంటి పంచాయతీ కాజాలదు.

ఆ ప్యాకేజీ స్వరూపమేమి? నౌకలో గదికి, సామాన్య భోజనానికి టిక్కెట్టులోనే వెల చేరి ఉంటుంది. మంచినీరు, తేనీరు, సాధారణమైన కాఫీ వంటివి పెక్కు నౌకలలో ఉచితమే. మద్యము, శీతలపానీయాలు, ప్రత్యేకమైన కాఫీలు మాత్రం వేరు. వాటిని గ్లాసు గ్లాసుకూ కొనవచ్చు. లేదా రోజుకు ఇంత అని ఒకేసారి చెల్లించి, ప్రయాణమంతా బిల్లు మాట లేకుండ పుచ్చుకొనవచ్చు. ఈ రెండవదే ప్యాకేజీ. ప్రయాణం ఎన్ని దినాలో అన్ని దినాలకూ దీనిని కొనవలెను. నౌక రేవులో ఆగి, ప్రయాణికులు పగలంతా ఊరు చూడబోయిన దినానికి కూడ వెల తగ్గదు. పైగా సేవారుసుము పేర నూటికి 18 మొదలు 20 వరకు అదనంగా చేరుతుంది.

ఇక లెక్కకు వద్దాము. పాఠశాల విద్యార్థి సయితం పలకమీద వేసి చూడదగిన లెక్క ఇది. ఉదాహరణకు ప్యాకేజీ వెల దినానికి 60 డాలర్లు, విడి గ్లాసు వెల 12 డాలర్లు, రెంటిమీద రుసుము 18 శాతం అనుకొందాము. అప్పుడు ప్యాకేజీకి దినానికి 70 డాలర్ల 80 సెంట్లు, గ్లాసుకు 14 డాలర్ల 16 సెంట్లు అవుతాయి. అంటే దినానికి అయిదు గ్లాసులు తాగితే సరికి సరి. ఆరవ గ్లాసుతోగాని లాభం మొదలుకాదు. భార్యాభర్తలు ఏడు దినాల యాత్రకు వెళ్ళినారు. భర్త సాయంకాలం రెండు గ్లాసులు పుచ్చుకొంటాడు. భార్య మద్యం ముట్టదు. విడిగా కొంటే వారి ఖర్చు 198 డాలర్ల 24 సెంట్లు. ఇద్దరికీ ప్యాకేజీ తీసుకొంటే 991 డాలర్ల 20 సెంట్లు. సరిగా అయిదు రెట్లు!

తాగని భార్యకు ప్యాకేజీ ఎందుకు అన్న ప్రశ్న సహజం. ఒక గదిలో ఉన్న వయోజనులలో ఒకరు మద్యపు ప్యాకేజీ కొంటే తక్కిన వయోజనులు కూడ కొనవలెనన్నది పెద్ద సంస్థలలో పెక్కింటి నిబంధన. కొన్ని సందర్భాలలో మినహాయింపు లుండవచ్చును గాని, సూత్రమది. ఒకరు కొని ఇద్దరు పంచుకొంటారన్న అనుమానమే దీనికి మూలం. అంతే కాదు. ఒకసారికి ఒక గ్లాసే ఇస్తారు. తన గ్లాసు మరియొకరికి ఇవ్వరాదు. కార్నివాల్ సంస్థవారి ‘చీర్స్’ పథకంలో 24 గంటలలో 15 మద్యపానీయాలకు మించి ఇవ్వరు. మరికొన్ని సంస్థలు గ్లాసు వెల ఒక మేర దాటితే తేడా వసూలు చేస్తాయి. ఇన్ని కట్టుబాట్లు గల వస్తువునకు ‘అపరిమితం’ అన్న పేరు! హద్దులు లేవని చెప్పి అమ్మేవాడు, హద్దులు లేకపోతే తన వ్యాపారం సాగదని అందరికంటె బాగా ఎరిగినవాడు.

అయితే ఒకే వెలకు కడుపునిండ పెట్టడం తెలుగువారికి తెలియని పద్ధతియా? కాదు. వినుకొండ వల్లభరాయుని పేర ప్రసిద్ధమైన క్రీడాభిరామంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీథులలో తిరుగుతూ ఒక పూటకూటింటి సంగతి చెప్పుకొంటారు. అక్కడ ఒక రూకకు సన్నబియ్యపు అన్నము, గోధుమ పిండివంట, అప్పుడే కాచిన నేయి, పెసరపప్పు, అరటిపండ్లు, గడ్డపెరుగు దొరుకుతాయి. శ్రద్ధగా చదివిన విద్యార్థికి ఇంకొక విశేషం కనపడుతుంది. అందులో పంచదార పిడికెడే, నంజుళ్ళు నాలుగైదే. రుచికి లోటు లేదు, కొలతకూ లోటు లేదు. నేటి గోదావరి పట్టణాల భోజన హోటళ్ళలోని ‘ఫుల్ మీల్సు’ ఆ పూటకూటింటి వారసత్వమే. కాకినాడ సుబ్బయ్య హోటలు పేరు వినని భోజనప్రియుడు ఈ ప్రాంతంలో అరుదు. ఇటువంటి చోట అన్నము, పప్పు, పులుసు అడిగినన్ని సార్లు వడ్డిస్తారు. ఒకడు ఎక్కువ తింటాడు, ఒకడు తక్కువ తింటాడు. యజమాని సగటు చూచుకొంటాడు.

మరి ఈ ‘ఫుల్ మీల్సు’కు లేని దోషం ఆ ప్యాకేజీకి ఎక్కడిది? రెంటిలోనూ బేరం ఒకటే గదా! ఇక్కడనే అసలు భేదమున్నది. అన్నపు ఆకలి తనను తాను తీర్చుకొంటుంది. మూడవసారి వడ్డించేసరికి ఎంతటి భోక్త అయినా విస్తరిపై చెయ్యి అడ్డం పెడతాడు. మద్యపు దాహం అట్లా కాదు. మొదటి గ్లాసు రెండవదానిని పిలుస్తుంది. రెండవది, మూడవది వద్దని చెప్పవలసిన బుద్ధినే మందగింపజేస్తుంది. అన్నానికి హద్దు కడుపులో ఉన్నది. మద్యానికి హద్దు వివేకంలో ఉన్నది. ఆ వివేకమే ముందు కరిగిపోయేచోట ‘ఇచ్చిన డబ్బు రాబట్టుకోవలె’ననే లోభం కూడ తోడైతే ఇక చెప్పవలసిన దేమున్నది? తనకు ఇష్టమైనందుకు తాగేవాడు ఒక మేరకు ఆగగలడు. నష్టపోరాదని తాగేవాడు ఆగలేడు. పిల్లలకు అమ్మే శీతలపానీయాల ప్యాకేజీకి కూడ ఈ మాట వర్తిస్తుంది. 330 మిల్లీలీటర్ల కోలా డబ్బాలో ఇంచుమించు 35 గ్రాముల చక్కెర ఉంటుంది. తేనె, పండ్లరసాలు, చేర్చిన చక్కెర అన్నీ కలిపి దినానికి 25 గ్రాములకు లోపల ఉంటే మరింత మేలని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2015లో సూచించినది. ఒక్క డబ్బాతోనే ఆ గీత దాటిపోతుంది.

ఆతిథ్యంలో పెట్టేవాని ధర్మమెంతో తినేవాని ధర్మమూ అంతే. రామచంద్రపురానికి కొద్ది మైళ్ళలోనే ఉన్న ద్రాక్షారామానికి వ్యాసుడు ఎందుకు రావలసి వచ్చినదో శ్రీనాథుడు చెప్పినాడు. కాశిలో భిక్ష దొరకని కోపంతో వ్యాసుడు ఆ నగరాన్నే శపింపబోయినాడు. విశాలాక్షి గృహిణి వేషంలో పిలిచి, శిష్యసమేతంగా అతనికి తృప్తిగా భోజనం పెట్టినది. అన్నం పెట్టిన తరువాతనే శివుడు అతనిని కాశి విడిచి పొమ్మన్నాడు. ఈ కథను ‘భిక్ష’ అన్న పేర పాఠశాలలో చదువుకొన్నవారు ఎందరో ఉన్నారు. ఆ పాఠం చెప్పే ఉపాధ్యాయుడు ఒక్క అంశం విశదం చేయవలసి ఉన్నది. వ్యాసునికి దండన తిన్నందుకు కాదు, ఓర్పు పోగొట్టుకొన్నందుకు. విస్తరి నిండడం గృహస్థు బాధ్యత. మనస్సు నిబ్బరంగా ఉంచుకొనడం అతిథి బాధ్యత.

అపరిమితమైన దానమంటే ఏమిటో చూపిన ఇల్లాలు కూడ ఈ సీమలోనే పుట్టినది. డొక్కా సీతమ్మ 1841లో మండపేటలో జన్మించి, లంకల గన్నవరంలో మెట్టి, 1909లో కీర్తిశేషురాలయ్యే వరకు ఆకలితో వచ్చినవారికి అన్నం పెట్టినది. వైనతేయ గోదావరి దాటే బాటసారులకు వేళ కాని వేళ కూడ ఆ ఇంట పొయ్యి ఆరలేదు. ఆమె కీర్తి ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక సందర్భంలో దొరలవరకూ పాకినది. ఆమె ఇంటి అపరిమితత్వం ఎటువంటిది? ఎవరు వచ్చినా, ఎప్పుడు వచ్చినా పెట్టడం. ఒక్కడే ఎంత తినగలడో పందెం వేయడం కాదు. నౌకలోని అపరిమితం ఒక్క మనిషి ఎదుట గ్లాసులు పేరుస్తుంది. సీతమ్మగారి అపరిమితం ఒక్క కుండ ఎదుట మనుషులను కూర్చుండబెట్టినది. మాట ఒకటే, అర్థాలు తూర్పు పడమరలు.

ఇంత చెప్పి, గోదావరి మర్యాదలో లోపమే లేదనుకొంటే అది ఆత్మవంచన. వద్దన్నకొద్దీ కొసరి కొసరి వడ్డించి, అతిథి ‘చాలు’ అన్న మాటను అవమానంగా భావించే అలవాటు ఇక్కడ లేకపోలేదు. 2022 సంక్రాంతికి నరసాపురంలో ఒక కుటుంబం కాబోయే అల్లునికి 365 రకాల వంటకాలు వడ్డించిన వార్త దేశమంతా పాకినది. ఆ ఆదరం నిజమైనదే కావచ్చు. కాని 365 వంటకాలు తినడానికి కాదు, చూడడానికి. చూపు కోసం వడ్డించేచోట విస్తరి కూడ ఒక ప్రకటన అయిపోతుంది. నౌకలో వ్యాపారి చేసే పనిని ఇంటిలో ప్రేమ చేసినంత మాత్రాన అది మర్యాద కాజాలదు.

ప్యాకేజీని సమర్థించేవారి వాదమూ వినదగినదే. ఖర్చు ముందే తెలిసిపోతుంది. యాత్ర చివర బిల్లు చూచి గుండె గుభేలుమనదు. వయస్సు వచ్చినవాడు తన డబ్బుతో తాను ఏమి చేసుకొన్నా పరులకేల? మొదటి మాట నిజమే. కాని, ముందే తెలిసిన ఖర్చు తక్కువ ఖర్చు కావలెనన్న నియమం లేదు. పైన వేసిన లెక్కయే సాక్షి. రెండవ మాటకు ఆంధ్రదేశపు స్త్రీలే సమాధానం చెప్పినారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుండి లేచిన సారా వ్యతిరేకోద్యమం, తాగేవాని డబ్బు తాగేవానిదొక్కనిదే కాదని, పొయ్యిమీది కుండదీ, బడికి పోయే బిడ్డదీ అని చాటినది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలిపోయినది. చట్టం వచ్చి పోయినంత మాత్రాన ఆ స్త్రీలు చెప్పిన సత్యం పోలేదు. ఆరోగ్యానికి హాని లేని మద్యపు మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023 జనవరిలో ప్రకటించినది.

అట్లని నౌక ఎక్కేవారినందరినీ నిందించడం న్యాయం కాదు. సముద్రం చూడవలెనన్న కోరిక మంచిదే. ఎక్కేవారు పాటించదగిన మర్యాద కొంత ఉన్నది. ప్యాకేజీ లేకుంటే దినానికి తాము ఏమి పుచ్చుకొనేవారో ఇంటివద్దనే లెక్క వేసుకొనవలెను. ఆ లెక్క మించితే నిరాకరించవలెను. కొన్నవారు, ముట్టనివారిని చూచి ‘పైకం దండుగ’ అని ఎగతాళి చేయరాదు. నియమం విరుద్ధమని తెలిసి గ్లాసులు చేతులు మార్చరాదు. సగం తాగి వదలి మరియొకటి తెమ్మనరాదు. తెచ్చియిచ్చే పనివాడు ఇంటినీ బిడ్డలనూ విడిచి నెలల తరబడి నీటిమీద బతుకుతున్న మనిషి అని మరువరాదు. ధర చెల్లించినవాడు పానీయాన్ని కొన్నాడు గాని, ఆ మనిషిని కొనలేదు.

ఈ మర్యాద నౌకలో నేర్చుకొనేది కాదు, పాఠశాలలో నేర్చుకొనేది. 2024 నుండి ఆంధ్రప్రదేశ్‌లో మధ్యాహ్న బడి భోజన పథకానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టినారు. జాతీయ నియమాల ప్రకారం ప్రాథమిక తరగతుల పిల్లవానికి 100 గ్రాములు, ఆపై ఎనిమిదవ తరగతి వరకు 150 గ్రాములు బియ్యం లెక్క. అది ఖాతాపుస్తకపు లెక్క. గరిటె పట్టుకొన్నవారి ఎదుట ఉన్నది గ్రాములు కాదు, పిల్లలు. ఒక బిడ్డ ఇంటివద్ద ఏమీ తినకుండ వచ్చినాడు. వాడు రెండవసారి చెయ్యి చాపుతాడు. మరియొక బిడ్డ ఆకలి లేకున్నా పెట్టించుకొని పారవేస్తాడు. మొదటివానికి సిగ్గు లేకుండ అడగడం నేర్పవలెను. రెండవవానికి ‘చాలు’ అనడం నేర్పవలెను. ఉపాధ్యాయుడు ఆ వరుసలో పది నిమిషాలు నిలబడితే ఈ రెండు పాఠాలూ ఏ వాచకం లేకుండనే సాగుతాయి.

నేడు సీతమ్మ పేర వడ్డించే అన్నం తింటున్న పిల్లలలో కొందరు రేపు విశాఖ రేవునుండియో, విదేశపు రేవునుండియో నౌక ఎక్కుతారు. ‘ఎంత కావలెనన్నా తీసుకో’ అనే మాట అక్కడ వారికి ఎదురవుతుంది. తమకు ఎంత కావలెనో తెలిసినవారికి ఆ మాటవలన భయం లేదు.