పాత కెమెరాకు కొత్త వెల

బంగారమునకు తూకము కలదు. ధాన్యమునకు కొలత కలదు. పాత కెమెరాకు మాత్రము అట్టి కొలబద్ద ఏదియు లేదు. పదునైదు, ఇరువది ఏండ్ల క్రిందట ఊరూర ఫోటో స్టూడియోల అటకలకెక్కిన ఫిల్ము కెమెరాలను పాతసామానువాడు ఇనుముతో పాటు తూచి పట్టుకొనిపోయెను. వాటివంటి కొన్నింటికి నేడు కొత్తవిగా ఉన్ననాటి వెలను మించిన ధర పలుకుచున్నది. ఈ నడుమ కెమెరాలో బాగుపడినదేమియు లేదు. అదే కటకము, అదే షట్టరు, అదే తోలు తొడుగు. పైపెచ్చు ఇరువది ఏండ్ల బూజు. మారినదేదో కెమెరాకు వెలుపలనే మారినదని ఒప్పుకొనక తప్పదు.

ధర పడిపోయిన కథ చిన్నది. డిజిటల్ కెమెరాలు రాగానే ఫిల్ము కాలము ముగిసినదని లోకము నమ్మినది. 2006లో నికాన్ సంస్థ తన ఫిల్ము కెమెరాలలో రెండింటిని తప్ప తక్కినవన్నియు నిలిపివేయుచున్నట్లు ప్రకటించినది. 2008లో పోలరాయిడ్ తక్షణచిత్రముల ఫిల్ము తయారీకి స్వస్తి చెప్పినది. 1935 నుండి పేరు మోసిన కోడాక్రోము 2009లో ఆగిపోయినది. 2012 జనవరిలో కోడక్ సంస్థయే దివాలా రక్షణ కోరి న్యాయస్థానమునకు పోయినది. తయారుచేసినవారే చేతులెత్తివేసిన వస్తువును కొనుటకు ఎవరు సాహసింతురు? ఆనాడు కెమెరాలు చౌకయైనది వాటి లోపము వలన కాదు, జనుల నిరాశ వలన.

పెరిగిన తీరు ఇంతకంటె విచిత్రమైనది. 1990లో వెలువడిన కాంటాక్స్ టి2 అను చిన్న కెమెరాను చూడుడు. టైటానియపు ఒడలు, జైస్ కటకము, చొక్కా జేబులో ఇముడు పరిమాణము. మంచి కెమెరా అనుటలో సందేహము లేదు. ఫిల్ము వెలవెలపోయిన దినములలో ఇది కొన్ని వందల డాలర్లకు దొరకుచుండెడిది. 2017లో అమెరికాలోని ఒక టెలివిజను కార్యక్రమమున ఒక ప్రసిద్ధ మోడలు దీనిని చేతబట్టి మెచ్చుకొనెను. ఆ తరువాత కొలది కాలమునకే దీని ధర వేయి డాలర్ల సమీపమునకు పాకినది. కెమెరాలోని కటకము ఆ రాత్రి మరింత స్ఫుటముగా చూడనేర్చినదా? లేదు. దానిని తయారుచేసిన క్యోసెరా సంస్థ 2005లోనే కెమెరాల వ్యాపారము నుండి తప్పుకొన్నది. దానిలోని విద్యుత్పరికరములు చెడినచో బదులు భాగములు పుట్టవు. అనగా, ఏనాడు మూగపోవునో తెలియని యంత్రమునకు, ఒకరి చేతిలో కనబడిన పుణ్యమున, ఇంత వెల!

ఆడంబరమునకు ఇది ఒక మెట్టు మాత్రమే. 1925లో లైకా కెమెరా అంగడికి రాకముందు పరీక్ష కొరకు రెండు డజన్లకు కొంచెము అటునిటుగా నమూనాలు చేసిరి. వాటిలో 105వ సంఖ్య గలది, దానిని రూపొందించిన ఆస్కార్ బార్నాక్ స్వయముగా వాడుకొన్నది, 2022 జూనులో జర్మనీలోని వెట్జ్లర్ వేలములో ఒక కోటి 44 లక్షల యూరోలకు పోయినది. వేలమువారు ముందు వేసిన అంచనా 20 నుండి 30 లక్షలు. ఇట్టి వస్తువు ధరను గూర్చి ఆశ్చర్యపడవచ్చును గాని ఆక్షేపింప బనిలేదు. అది చరిత్ర సాక్ష్యము. ఒక మహాకవి వ్రాతప్రతి వంటిది. దానితో బొమ్మ తీయుదురా అని ఎవరును అడుగరు. చిక్కు ఎక్కడ వచ్చుచున్నదనగా, ఆ వేలపు వార్త చదివిన ప్రతివాడును తన తాతగారి పెట్టెలోని కెమెరాయు లక్షలు చేయునని తలచుటలో.

పాతబడినంత మాత్రమున ధర పెరుగదు. 1900లో కోడక్ వారు ఒక డాలరుకు అమ్మిన బ్రౌనీ అట్టపెట్టె కెమెరాకు నూట ఇరువది ఏండ్లు దాటినవి. బ్రౌనీలు లక్షలకు లక్షలుగా అమ్ముడుపోయినవి గనుక నేటికిని వాటిలో పెక్కు చవుకయే. అయితే వయస్సు కన్న ముఖ్యమైన సంగతి ఒకటి ఉన్నది: ఆ కెమెరాకు తగిన ఫిల్ము నేడు దొరకునా? 1901లో రెండవ సంఖ్య బ్రౌనీ కొరకు కల్పించిన 120 ఫిల్ము నేటికిని తయారగుచున్నది. మన దేశముననే తయారై ఎన్నో మధ్యతరగతి ఇండ్లలో పెండ్లిండ్లను, పురుళ్లను చూచిన ఆగ్ఫా క్లిక్-3 కూడ ఈ 120 ఫిల్ము మీదనే పన్నెండు బొమ్మలు తీయును. కనుక అటకమీది క్లిక్-3కి అంగడిలో గౌరవము లేకున్నను ప్రాణము మాత్రము ఉన్నది. దానికంటె మేలైన కెమెరాలు కొన్ని, వాటి కొలతకు సరిపడు ఫిల్ము నిలిచిపోయినందున, అల్మారా బొమ్మలైపోయినవి.

ఇక విద్యార్థి మాట. 1976 నుండి 1997 వరకు తయారైన పెంటాక్స్ కె1000 కెమెరా ముప్పది లక్షలకు పైగా అమ్ముడుపోయినది. అమెరికాలోని విద్యాలయములు దానిని ఛాయాగ్రహణ తరగతులకు ఎన్నుకొన్నవి. దానిలో తనంత తాను చేయునది ఏదియు లేదు. కాంతి ద్వారము ఎంత తెరువవలెనో, షట్టరు ఎంతసేపు నిలువవలెనో, దూరము ఎంత యుంచవలెనో చేతితోనే తిప్పి నిర్ణయింపవలెను. బ్యాటరీ కాంతిని కొలుచుటకు మాత్రమే. అది లేకున్నను షట్టరు పనిచేయును. చవుక, మోటు, మన్నిక: ఈ మూడు గుణముల వలననే అది పాఠశాల కెమెరా అయినది. నేడు ఆ మూడింటిలో మొదటిదానికి ఎసరు వచ్చినది. వేడుకకు కొనువారు ఎగబడుటతో విద్యార్థి వస్తువునకు విలాస వస్తువు ధర అంటుకొనినది. దానికి తోడు ఫిల్ము. ఉదకమండలములో 1960లో స్థాపింపబడిన హిందుస్థాన్ ఫోటో ఫిలిమ్స్ 'ఇందు' పేరిట ఫిల్ము అందించిన కాలము గడచిపోయినది. నేడు మన అంగళ్లలో 36 బొమ్మల రంగు ఫిల్ము చుట్ట వేయి రూపాయలకు అటునిటుగా ఉన్నది. బొమ్మ ఒక్కింటికి సుమారు 28 రూపాయలు. కడుగుట, అచ్చువేయుట దీనికి అదనము. పాఠశాల విద్యార్థికి ఇది చిన్న మొత్తము కాదు.

ఫిల్ము ఓర్పు నేర్పును, డిజిటల్ చెరుపును అని కొందరు పెద్దలు అనుచుందురు. ఇది అతిశయోక్తి. ఓర్పు గలవాడు చేతిఫోనుతోను ఓర్పుగా తీయును. లేనివాడు లైకా కొన్నను 36 బొమ్మలును అరగంటలో ముగించును. పాత కెమెరాను కాపాడవలసినది ఆ సుగుణము కొరకు కాదు.

ధరలు పెరుగుట వలన మేలే లేదని చెప్పుటయు న్యాయము కాదు. వెల వచ్చినందుననే ఎన్నో కెమెరాలు తుక్కు కొలిమికి పోకుండ మిగిలినవి. గిరాకీ కనబడినందుననే కోడక్ 2012లో నిలిపిన ఎక్టాక్రోమును 2018లో మరల తెచ్చినది. లైకా తన పాత ఎం6ను 2022లో తిరిగి తయారుచేసినది. కాని డబ్బు పోవుచున్నది కెమెరాకే గాని దానిని బాగుచేయు చేతికి కాదు. అసలు కరవు అక్కడ ఉన్నది. పెంటాక్స్ వారు 2024లో తెచ్చిన కొత్త ఫిల్ము కెమెరాను రూపొందించునప్పుడు, ఫిల్మును చుట్టు పళ్లచక్రముల మర్మము తెలిసికొనుటకు యువ ఇంజనీర్లు పదవీ విరమణ చేసిన పెద్దలను ఆశ్రయింపవలసి వచ్చెను. లక్షలాది కెమెరాలు చేసిన సంస్థ గతియే ఇట్లుండగా, మన జిల్లా పట్టణములలో ఒంటరిగా కూర్చుండి గడియారపు మరల వంటి మరలను విప్పి బిగించు మరమ్మతుదారు తరువాత ఆ విద్య ఎవరికి పోవును? అతని కుమారుడు ఫోనుల మరమ్మతు నేర్చినచో తప్పుపట్టగలవారు లేరు.

కోస్తా జిల్లాల ఉక్కపోతలో కటకములకు బూజు పట్టుట అందరు ఎరిగినదే. తోలు సంచిలో మూసి యుంచిన కెమెరాకు మరింత త్వరగా పట్టును. తొలిదశలో విప్పి తుడిచిన పోవును. ముదిరినచో గాజు మీది పూతనే తినివేయును. బూజు పట్టిన కెమెరాను, కొలమాని చచ్చిన కెమెరాను, షట్టరు వేగము తప్పిన కెమెరాను అంగడి కన్నెత్తి చూడదు. పాఠశాలకు కావలసినవి సరిగా ఇవియే. స్టూడియో యజమానులు ఇట్టివానిని తూకమునకు వేయుటకు ముందు దగ్గరి ఉన్నత పాఠశాల భౌతికశాస్త్రపు ఉపాధ్యాయునికి కబురు చేయవలెను. ఉపాధ్యాయుడును అడుగుటకు సిగ్గుపడరాదు. చేతులు మారుటకు రూపాయి అక్కరలేదు, ఫిల్ముతో పనియే లేదు.

చేయవలసినది ఇంతే. కెమెరా వెనుక తలుపు తెరచి, ఫిల్ము పరచుకొను చోట నూనె పట్టించిన పలుచని కాగితపు ముక్కను బిగువుగా అంటింపవలెను. కాంతి ద్వారమును పూర్తిగా తెరచి, షట్టరు చక్రమును 'బి' గుర్తుకు తిప్పి, మీటను నొక్కి పట్టుకొనవలెను. తరగతి గది కిటికీలను ఒకటి తప్ప మూసి, కటకమును ఆ కిటికీ వైపు త్రిప్పి, తలమీద నల్లని గుడ్డ కప్పుకొని చూడవలెను. వెలుపలి వేపచెట్టు, గోడ, గోడమీది కాకి, తలక్రిందులుగా ఆ కాగితముపై వచ్చి నిలుచును. కటకపు వలయమును త్రిప్పినకొలది చెట్టు మసకబారి గోడ తేటపడును. వెనుక వరుసలోని పిల్లలు తమ వంతు ఎప్పుడని అడుగుట మొదలుపెట్టుదురు.