జట్టు జాబితా ఎక్కడ రాస్తారు?

2024 ఆగస్టు 8. పారిస్‌లో స్పెయిన్ మీద 2-1 తేడాతో గెలిచి భారత హాకీ జట్టు కాంస్యం అందుకున్నది. టోక్యోలో జర్మనీని 5-4తో ఓడించి తెచ్చిన కాంస్యం తర్వాత ఇది వరుసగా రెండో పతకం. 1968, 1972 తర్వాత వరుస ఒలింపిక్స్‌లో మన హాకీకి పతకాలు రావడం అదే మొదటిసారి. గోల్ ముందర కొండలా నిలబడిన శ్రీజేష్‌కు అదే ఆఖరి మ్యాచ్. దేశం పండుగ చేసుకున్నది. మనమూ చేసుకున్నాం.

పండుగ అయిపోయింది కనుక ఇప్పుడు తీరిగ్గా ఒక పని చేయండి. ఆ జట్టులోని 16 మంది పేర్లు ఒక కాగితం మీద రాసి, ఎదురుగా వాళ్ల రాష్ట్రాలు రాయండి. పంజాబ్ 8. హర్యానా 3. ఉత్తరప్రదేశ్ 2. కేరళ, ఒడిశా, మధ్యప్రదేశ్‌లకు ఒక్కొక్కటి. మొత్తం 16. లెక్క సరిపోయింది. 2011 జనాభా లెక్కల నాటికే 8 కోట్లకు పైగా జనం ఉన్న తెలుగు నేలకు వచ్చింది సున్నా.

ముందే ఒక మాట చెప్పుకుందాం. హర్మన్‌ప్రీత్ మీద మనకు కోపం లేదు. పారిస్‌లో 10 గోల్స్ కొట్టినవాడి చోటు ఎవరడుగుతారు? హార్దిక్ సింగ్ లాంటి మిడ్‌ఫీల్డర్‌ను ప్రాంతం చూసి పక్కన పెట్టమనే అభిమాని ఈ దేశంలో ఉండడు. ఎవడి నోటికాడి ముద్ద గుంజుకోవాలన్నది మన వాదం కాదు. ఆ ముద్ద ఒకరి కంచంలోకే ఎందుకు వస్తున్నదన్నది ప్రశ్న. జాబితాను సెలెక్టర్లు ఢిల్లీలోనో, బెంగళూరు శిబిరంలోనో కూర్చున్న రోజు రాస్తారని మనం అనుకుంటాం. అది తప్పు. అది పదేళ్ల ముందే, పదిహేనేళ్ల ముందే రాసి ఉంటుంది. ఏ ఊరిలో మైదానం వేశారో, ఏ పట్నంలో హాస్టల్ తెరిచారో, అక్కడే రాసి ఉంటుంది. సెలెక్టర్లు దాన్ని చదివి వినిపిస్తారు, అంతే.

నమ్మకం లేకపోతే 1976కు పోదాం. మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మొదటిసారి హాకీని పచ్చగడ్డి మీద నుంచి కృత్రిమ మైదానం మీదికి మార్చారు. అంతకు ముందు ఏడాదే కౌలాలంపూర్‌లో పాకిస్తాన్‌ను ఓడించి ప్రపంచకప్ గెలిచిన మన జట్టు మాంట్రియల్‌లో 7వ స్థానానికి పడిపోయింది. బంతి వేగం మారింది, కర్ర పట్టు మారింది, ఊపిరి లెక్క మారింది. గడ్డి మైదానం గవర్నమెంట్ బడి వెనుక కూడా ఉంటుంది. కృత్రిమ మైదానం కోట్ల రూపాయల పని. మ్యాచ్‌కు ముందు దాన్ని నీళ్లతో తడపాలి. డబ్బు ఎక్కడుందో, నీళ్లు ఎక్కడున్నాయో, ప్రభుత్వం మనసు ఎక్కడుందో ఆట అక్కడికి పోయింది. మిగిలిన ఊళ్లల్లో కర్రలు అటకెక్కినయి. 1980 మాస్కో స్వర్ణం తర్వాత మళ్లీ పతకం చూడడానికి 41 ఏళ్లు పట్టింది. నష్టపోయింది దేశమే కదా!

ఇప్పుడు సుందర్‌గఢ్ కథ చూడండి. ఒడిశాలో అదొక ఆదివాసీ జిల్లా. పక్కనే జార్ఖండ్‌లో సిమ్డేగా, ఖూంటీ. అక్కడ పిల్లలు వెదురు కర్రను వంచి హాకీ ఆడతారు. ఊరి పోటీల్లో గెలిచిన జట్టుకు మేకపోతు బహుమతి. ఆట వాళ్ల నెత్తురులో ఎప్పటి నుంచో ఉంది. కానీ నెత్తురు ఒక్కటే సరిపోలేదు. 1980ల్లో రూర్కెలా పక్కన పాన్‌పోష్‌లో స్పోర్ట్స్ హాస్టల్ పెట్టారు. తిండి పెట్టారు, కోచ్‌ను ఇచ్చారు, తర్వాత మైదానం వేశారు. అప్పుడు ఆ నేల నుంచి దిలీప్ టిర్కీ వచ్చాడు. మూడు ఒలింపిక్స్ ఆడి, 2004 ఏథెన్స్‌లో జట్టుకు నాయకత్వం వహించాడు. బీరేంద్ర లక్రా, అమిత్ రోహిదాస్, దీప్ గ్రేస్ ఎక్కా వచ్చారు. సిమ్డేగా బిడ్డ సలీమా టేటే 2024లో మహిళల జట్టు కెప్టెన్ అయింది. కార్పొరేట్ కంపెనీలు క్రికెట్ చుట్టూ తిరుగుతున్న కాలంలో, 2018 నుంచి జాతీయ హాకీ జట్లకు ఒడిశా ప్రభుత్వమే స్పాన్సర్‌గా నిలబడింది. 2023 ప్రపంచకప్ కోసం రూర్కెలాలో 20 వేల మంది కూర్చునే స్టేడియం కట్టి దానికి బిర్సా ముండా పేరు పెట్టింది. పేద రాష్ట్రమని వెక్కిరించినవాళ్లకు ఇంతకన్నా పెద్ద జవాబు ఏముంటుంది?

ఈ పత్రిక పాఠకులకు ఆ నేల నుంచే వచ్చిన మరో పేరు గుర్తు చేయాలి. జైపాల్ సింగ్ ముండా. 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మన దేశం తొలి హాకీ స్వర్ణం గెలిచినప్పుడు జట్టు కెప్టెన్ ఆయనే. ఆ టోర్నీలో భారత్ 29 గోల్స్ కొట్టింది, ఒక్కటీ ఇవ్వలేదు. ఐసీఎస్ శిక్షణలో ఉండగా సెలవు దొరకకపోయినా ఆటకే వెళ్లాడు, చివరికి ఆ ఉద్యోగమే వదులుకున్నాడు. అంతటి కెప్టెన్ జట్టు మేనేజర్‌తో వచ్చిన విభేదాల వల్ల ఫైనల్ ఆడలేదు. పెత్తనానికీ ఆటకూ తగాదా అప్పటి నుంచే ఉందన్నమాట. ఆ తర్వాత ఆయనే రాజ్యాంగ సభలో ఆదివాసీల గొంతు అయ్యాడు, జార్ఖండ్ రాష్ట్రం కోసం జెండా పట్టాడు. 1970లో కన్నుమూశాడు. రాష్ట్రం 2000 నవంబర్ 15న వచ్చింది. తన వాళ్లకు చోటు కావాలని మైదానంలో అడిగినవాడే సభలోనూ అడిగాడు. రెండూ ఒకటే మాట.

పునాది సంగతి ఇది. ఇక కలం పట్టినవాళ్ల సంగతి.

1998 డిసెంబర్‌లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో మన జట్టు 32 ఏళ్ల తర్వాత స్వర్ణం గెలిచింది. కెప్టెన్ ధన్‌రాజ్ పిళ్లై. కొరియాతో ఫైనల్ టై బ్రేకర్ దాకా పోతే గోల్‌కీపర్ ఆశిష్ బల్లాల్ కాపాడాడు. దేశమంతా భుజాల మీద మోయాల్సిన జట్టు అది. కొద్ది వారాల్లో పాకిస్తాన్‌తో సిరీస్‌కు జట్టు ప్రకటిస్తే అందులో ధన్‌రాజ్ లేడు, బల్లాల్ లేడు, మరికొందరూ లేరు. 'విశ్రాంతి' అన్నారు. అడిగినవాళ్లకు తెలుసు, అది విశ్రాంతి కాదు. ఆటగాళ్లు తమకు రావాల్సిన డబ్బు గురించి నోరు తెరిచారు. నోరు తెరిచినవాడికి శిక్ష పడింది. నాలుగు ఒలింపిక్స్, నాలుగు ప్రపంచకప్‌లు ఆడినవాడికే ఈ గతి అయితే, జిల్లా నుంచి వచ్చిన పిల్లవాడి పరిస్థితి ఏమిటి?

దానికి 2008 జవాబు చెప్పింది. ఆ మార్చిలో శాంటియాగోలో బ్రిటన్ చేతిలో 0-2తో ఓడి, 1928 తర్వాత మొదటిసారి మనం ఒలింపిక్స్‌కు అర్హత కోల్పోయాం. ఆ గాయం ఆరకముందే, ఏప్రిల్‌లో, ఒక ఆటగాణ్ని జట్టులోకి తీసుకోవడానికి సమాఖ్య కార్యదర్శి డబ్బులు పుచ్చుకుంటున్న దృశ్యాలు టీవీలో వచ్చాయి. ఆయన రాజీనామా చేశాడు, సమాఖ్యను సస్పెండ్ చేశారు. పెద్దల కథ అంతటితో అయిపోయింది. పిల్లవాడి కథ అప్పుడే మొదలైంది. విలేఖరులు ఆ ఎరలో వాడుకున్న పేరు వారణాసి కుర్రాడు లలిత్ ఉపాధ్యాయ్‌ది. అప్పటికి అతను ఇంకా పిల్లవాడే. తన పేరు వాడుకున్నారనే సంగతే అతనికి తెలియదు. అయినా జనం వేలెత్తి చూపారు. ఆట మానేద్దామన్నంత దాకా పోయాడు. అప్పుడు చేయి పట్టి లేపినవాడు ధన్‌రాజ్ పిళ్లై. చూశారా, దెబ్బ తిన్నవాడికే దెబ్బ తిన్నవాడి బాధ తెలుస్తుంది. ఆ లలిత్ టోక్యోలో, పారిస్‌లో రెండు ఒలింపిక్ కాంస్యాలు మెడలో వేసుకొని 2025లో సగర్వంగా తప్పుకున్నాడు. ఇట్లా లేపే చేయి దొరకక మట్టిలో కలిసినవాళ్లు ఎందరో! వాళ్ల పేర్లు ఏ జాబితాలోనూ ఉండవు.

సెలెక్టర్లందరూ దుర్మార్గులని మనం అనడం లేదు. మంచి ఎంపిక ఎట్లా ఉంటుందో కూడా మన హాకీయే చూపించింది. 1936లో బెర్లిన్ చేరగానే జర్మన్లతో సన్నాహక మ్యాచ్‌లో మన జట్టు 1-4తో ఓడింది. ధ్యాన్‌చంద్ అహంకారానికి పోలేదు. ముందు వరసలో దారా కావాలని కబురు పెట్టించాడు. విమానంలో వచ్చిన దారా సెమీస్ నుంచి ఆడాడు. ఫైనల్లో అదే జర్మనీని 8-1తో మట్టి కరిపించారు. 1975 ప్రపంచకప్ సెమీఫైనల్లో మలేషియా మీద 1-2తో వెనుకబడ్డ మన జట్టు ఆట ఆఖరి నిమిషాల్లో బెంచీ మీదున్న అస్లాం షేర్ ఖాన్‌ను దించింది. భోపాల్ కుర్రాడు పెనాల్టీ కార్నర్‌ను గోల్ చేశాడు. అదనపు సమయంలో గెలిచారు, కప్పూ తెచ్చారు. తప్పు ఒప్పుకోవడం, అవసరం గుర్తించడం, బెంచీ మీదున్నవాణ్ని నమ్మడం. ఎంపిక అంటే ఇదీ.

ఆడబిడ్డల విషయానికి వస్తే గుండె ఇంకా మండుతుంది. టోక్యోలో దక్షిణాఫ్రికా మీద హ్యాట్రిక్ కొట్టి, ఒలింపిక్స్‌లో ఆ ఘనత సాధించిన తొలి భారత మహిళా హాకీ క్రీడాకారిణి వందనా కటారియా. సెమీస్‌లో జట్టు ఓడిన రోజు హరిద్వార్ దగ్గర ఆమె ఇంటి ముందు టపాకాయలు కాల్చి, జట్టులో దళితులు ఎక్కువైనందుకే ఓడిందని కులం పేరుతో తిట్టారు. జాబితా ఢిల్లీలో మారినా కొందరి బుర్రల్లో మారలేదు. అదే జట్టును నాలుగో స్థానం దాకా నడిపిన కెప్టెన్ రాణి రాంపాల్, బండి తోలే నాన్న బిడ్డ, గాయాల నుంచి కోలుకున్నా పాత చోటు దక్కక 2024 అక్టోబర్‌లో ఆటకు వీడ్కోలు చెప్పింది. కోచ్‌కు కారణాలు ఉండవచ్చు. ఉంటే బయటికి చెప్పాలి. చెప్పని కారణాన్ని జనం అన్యాయమనే అంటారు.

మరి మన సంగతి? మనకు ఆట రాదా? సికింద్రాబాద్ మైదానాలు హాకీ కర్రల చప్పుడుతో మోగిన రోజులు ముసలివాళ్లనడగండి, చెబుతారు. హైదరాబాద్ బిడ్డ ముఖేశ్ కుమార్ 1992, 1996, 2000 మూడు ఒలింపిక్స్ ఆడాడు. నిజామాబాద్ నుంచి యెండల సౌందర్య భారత జట్టుకు ఆడింది. చిత్తూరు జిల్లా పల్లె నుంచి రజని ఎతిమరపు గోల్‌కీపర్‌గా ఎదిగింది. వీళ్లు వ్యవస్థ తయారు చేసినవాళ్లు కాదు, వ్యవస్థ లేకపోయినా వచ్చినవాళ్లు. 2005లో ప్రీమియర్ హాకీ లీగ్ తొలి సీజన్ గచ్చిబౌలిలో జరిగింది, హైదరాబాద్ సుల్తాన్స్ కప్పు గెలిచింది. ఇది రాస్తున్నవాడు అప్పుడు బడి పిల్లవాడు. ఆ నీలి రాత్రుల్లో గొంతు పోయేలా అరిచి, మర్నాడు ఊళ్లో వేపకొమ్మతో హాకీ ఆడినవాడు. తర్వాత జిల్లా సెలక్షన్లకు పోతే, మేము షూ లేసులు కట్టుకునే లోపే సారు జేబులోంచి కాగితం తీసి పేర్లు చదివాడు. బంతి ఇంకా సంచిలోనే ఉంది.

ఇరవై ఏళ్లు గడిచాయి. 2025 ఫిబ్రవరిలో హైదరాబాద్ తూఫాన్స్ హాకీ ఇండియా లీగ్ ఫైనల్ దాకా వెళ్లి బెంగాల్ చేతిలో 3-4తో ఓడింది. సంతోషమే. కానీ ఆ సీజన్ మ్యాచ్‌లు జరిగింది రూర్కెలాలో, రాంచీలో. పేరు మనది, మైదానం మనది కాదు. పేరుకు పొంగిపోయి మైదానం అడగడం మరిచిపోతే తప్పు మనదే.

అందుకని అడుగుదాం. జాతీయ శిబిరానికి ఎవరిని పిలిచారో, ఎవరిని ఎందుకు తీసేశారో, ఫిట్‌నెస్ పరీక్షలో ఎవరికి ఎంత వచ్చిందో నలుగురికీ తెలిసేలా ప్రకటించాలి. ఉద్యోగ నియామకాల్లో మెరిట్ లిస్టు గోడ మీద పెట్టమని కొట్లాడిన మనం, జట్టు జాబితాకు అదే నియమం ఎందుకు అడగకూడదు? ప్రతి పాత జిల్లా కేంద్రంలో ఒక కృత్రిమ మైదానం, దాని పక్కనే హాస్టల్, దానికి పర్మినెంట్ కోచ్ కావాలి. ఆడి వచ్చినవాడికి ఉద్యోగ భరోసా కావాలి. సుందర్‌గఢ్‌లో సాధ్యమైంది ఆదిలాబాద్‌లో ఎందుకు కాదు? అక్కడా అడవే, ఇక్కడా అడవే. అక్కడా గోండు, ముండా, ఒరావ్ పిల్లలే. ఇక్కడా గోండు, కోలాం పిల్లలే. తేడా హాస్టల్‌ది.

విద్యార్థులు తమ యూనివర్సిటీ మైదానం ఏ స్థితిలో ఉందో ఈ వారం వెళ్లి చూడండి. ఉద్యోగులు తమ శాఖ క్రీడా కోటాలో ఎన్ని పోస్టులు ఖాళీగా ఉన్నాయో అడగండి. తర్వాతి ఒలింపిక్ జట్టు ప్రకటించిన రోజు సున్నా చూసి తిట్టుకోవడం తేలిక. ఆ జాబితా ఏదో ఒక జిల్లా మైదానంలో ఇప్పటికే రాస్తున్నారు. మన ఊరి పేరు అందులో ఉండాలంటే కొట్లాట మొదలు కావాల్సింది అప్పుడు కాదు, ఇప్పుడు.