ఇంగ్లీషు పేపరులో మన ఊరు ఎందుకుండదు?



లెక్కలంటే కొందరికే భయం. ఇంగ్లీషంటే మాత్రం మన హాస్టల్లో దాదాపు అందరికీ భయమే. ఈ భయం పోవడానికి మనం చేస్తున్న పని ఏమిటి? గైడు కొనుక్కోవడం, బట్టీ కొట్టడం. ఈ పద్ధతి వల్ల మనకి మేలు జరగటం లేదని నా అభిప్రాయం. ఎందుకో కింద రాస్తున్నాను. నచ్చనివాళ్ళు పక్కన ఒక కాగితం అంటించి తమ అభిప్రాయం కూడా రాయవచ్చు.

పదో తరగతి ఇంగ్లీషు పేపరు వంద మార్కులకి. 35 వస్తే పాసు. టైము మూడు గంటల పదిహేను నిమిషాలు. అందులో పదిహేను నిమిషాలు ప్రశ్నలు చదువుకోవడానికే ఇస్తారు. పేపరులో ముఖ్యంగా మూడు రకాల పనులుంటాయి. ఇచ్చిన పేరా చదివి అర్థం చేసుకుని జవాబు రాయడం ఒకటి. గ్రామరు, మాటలు రెండోది. ఉత్తరమో, డైరీయో, సంభాషణో సొంతంగా రాయడం మూడోది. ఈ మూడింటిలో దేనికి బట్టీ పనికొస్తుందో మీరే చెప్పండి. తెలియని పేరాని బట్టీ పట్టగలమా? రేపు ఏ ఉత్తరం అడుగుతారో ఈ రోజే తెలుసా?

ఈ మధ్య మా క్లాసుకి పెట్టిన పరీక్షలో, మీ ఊరి దగ్గర సంత గురించి స్నేహితుడికి ఉత్తరం రాయమన్నారు. పేపర్లు తిరిగిచ్చాక మేము కొందరం కలిసి కూర్చుని చూసుకున్నాం. సగం మంది హైదరాబాదు వెళ్ళి చార్మినార్ చూసినట్టు రాశారు! వాళ్ళలో ఒక్కడూ హైదరాబాదు చూడలేదు. సంత ఉత్తరంలోకి చార్మినార్ ఎలా వచ్చింది? గైడులోంచి వచ్చింది. ఉత్తరం అనే మాట కనబడగానే నోటికొచ్చిన ఉత్తరం కాగితం మీద పెట్టేశారు.

మా క్లాసులో వెనక బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి మాత్రం ఇలా రాసింది. ‘ఐ గో టు సీతంపేట సంత విత్ మై మదర్. వి సెల్ పైనాపిల్. షావుకారు గివ్ లెస్ మనీ. మై మదర్ యాంగ్రీ.’ ఇందులో తప్పులున్నాయి. గో కాదు వెంట్, సెల్ కాదు సోల్డ్, గివ్ కాదు గేవ్. యాంగ్రీ ముందు వాజ్ ఉండాలి. అయినా చార్మినార్ వాళ్ళందరికంటే ఆ అమ్మాయికే ఎక్కువ మార్కులొచ్చాయి. ఎందుకంటే అడిగినదానికి జవాబు అదొక్కటే. తల్లికి కోపం ఎందుకొచ్చిందో చదివినవాళ్ళకి తెలిసింది. నాలుగు క్రియలు దిద్దితే అది మంచి ఉత్తరం. చార్మినార్ ఉత్తరాన్ని ఎంత దిద్దినా సంత కాదు.

బట్టీలో ఇంకో కష్టం ఉంది. అది పూసల దండ లాంటిది. దారం ఒక్కచోట తెగిందా, పూసలన్నీ జారిపోతాయి. మొదటి లైనులో ఒక మాట మరిచిపోతే తర్వాత పది లైన్లూ రావు. సొంతంగా రాసినవాడికి ఒక మాట గుర్తు రాకపోతే ఇంకో మాట పెట్టుకుంటాడు.

కొందరు అంటారు, ‘కొండ పిల్లలకి ఇంగ్లీషు ఎక్కడొస్తాది? బట్టీ పట్టయినా గట్టెక్కితే చాలు’ అని. ఈ మాట విని నాకు చాలా బాధేసింది. మన సంగతి కొంచెం ఆలోచించండి. ఇంట్లో సవర. బడిలో తెలుగు. ఆ తర్వాత హిందీ. ఆ తర్వాత ఇంగ్లీషు. పట్నం పిల్లలకి మూడో భాష అయింది మనకి నాలుగోది. జాతాపు మిత్రులకి ఇంట్లో తెలుగే కాబట్టి ఒక మెట్టు తక్కువ. మనం మూడు భాషలు దాటుకుని వచ్చాం. మూడు గెడ్డలు దాటినవాడు నాలుగో గెడ్డ దాటలేడా?

మన తప్పులు తెలివి లేక వస్తున్నవి కావు. వాటికి కారణాలున్నాయి. మన సవరలో అతను, ఆమె అని వేరు వేరు మాటలు లేవు. ఇద్దరికీ ‘అనిన్’ ఒక్కటే. అందుకే ‘మై సిస్టర్’ అని మొదలుపెట్టి తర్వాత లైనులో ‘హి’ అని రాసేస్తాం. సవరలోనూ తెలుగులోనూ క్రియ చివర వస్తుంది. నేను అన్నం తిన్నాను అంటాం. ఇంగ్లీషులో తినడం ముందు, అన్నం తర్వాత. ఇక ఎ, యాన్, ది అనే చిన్న మాటలకి తెలుగులో జోడీయే లేదు. ఈ మూడు సంగతులు ముందే ఎవరైనా చెప్పి ఉంటే మన నోట్సుల్లో సగం ఎర్ర సిరా తగ్గేది. గైడులో ఇవి ఉండవు. గైడు రాసినాయనకి మన భాష తెలియదు కదా.

మన భాష తెలిసిన ఒక మాస్టారు మాత్రం ఉండేవారు. గిడుగు రామమూర్తి పంతులు గారు. 1863లో పుట్టి 1940లో కాలం చేశారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. కానీ ఆయన మన సవర కూడా నేర్చుకున్నారని మనలో ఎంతమందికి తెలుసు? పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ, తెలుగు వచ్చిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, ఒక్కొక్క మాటా అడిగి, రాసుకుని, మళ్ళీ ఆ మాటలతోనే మాట్లాడి నేర్చుకున్నారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లోనూ, సవర - ఇంగ్లీషు నిఘంటువు 1938లోనూ అచ్చయ్యాయి. అంటే మన మాట నుంచి ఇంగ్లీషుకి నేరుగా దారి వేసి ఎనభై ఏళ్ళు దాటింది. ఆ దారిలో మనమే నడవటం లేదు!

ఆయన చేసిందే మనమూ చెయ్యాలి. అడగాలి, రాసుకోవాలి, వాడాలి. చదివి మూసేస్తే భాష రాదు.

‘పరీక్ష దగ్గరికొచ్చేసింది, ఇప్పుడు ఇవన్నీ ఎలా అవుతాయి?’ అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. బట్టీ అసలు వద్దని నేను అనటం లేదు. ఉత్తరంలో తేదీ ఎక్కడ, సంతకం ఎక్కడ అనేది నోటికి రావాలి. గో - వెంట్ - గాన్ లాంటివి నోటికి రావాలి. స్పెల్లింగులు రావాలి. ఇవి ఇల్లు కట్టడానికి గుంజలు, వాసాలు. కానీ ఎవరింట్లోనో ఉన్న సామాను తెచ్చి మనింట్లో పెట్టుకోకూడదు.

మిగిలిన రోజుల్లో ఈ నాలుగు పనులు చేస్తే బాగుంటుందని నా మనవి.

1. రాత్రి స్టడీలో రోజుకి ఐదు వాక్యాలు. ఆ రోజు జరిగిందే రాయాలి. మెస్సులో ఏం పెట్టారు, ఎవరికి జ్వరం వచ్చింది, ఇంటి నుంచి ఎవరొచ్చారు.

2. రాసినదాన్ని పక్కవాడికివ్వాలి. అతను రెండే చూడాలి. క్రియ సరిగ్గా ఉందా? హి, షి తారుమారయ్యాయా?

3. పేరా ఇచ్చినప్పుడు ముందు ప్రశ్నలు చదివి, తర్వాత పేరా చదవాలి. తెలియని మాట దగ్గర ఆగిపోకూడదు. అడవిలో దారి తెలియనప్పుడు చుట్టుపక్కల చెట్లు చూసి పోల్చుకోమా? ఇదీ అంతే.

4. ఏ ప్రశ్నా ఖాళీగా వదలొద్దు. తప్పు వాక్యానికి ఒక మార్కయినా రావచ్చు. తెల్ల కాగితానికి ఏమీ రాదు.

గురువులకు కూడా ఒక విన్నపం. నేను చిన్నప్పుడు చదివిన ఒక బడిలో సవరలో మాట్లాడితే గోడకి నిలబెట్టేవారు. 2004లో మొదలైన బహుభాషా విద్యలో సవరతో కలిపి ఎనిమిది గిరిజన భాషల్లో, తెలుగు లిపిలోనే చిన్న తరగతులకి వాచకాలు వచ్చాయి. చిన్న తరగతుల్లో మన భాషకి చోటు ఉన్నప్పుడు పదో తరగతిలో ఎందుకుండకూడదు? స్టడీ అవరులో ఒక ఇంగ్లీషు వాక్యాన్ని సవరలో చర్చించుకుంటే అది అల్లరి కాదు, చదువే. మీరు కూడా ‘దీన్ని మీ భాషలో ఏమంటార్రా?’ అని ఒక్కసారి అడగండి. ఎప్పుడూ చెయ్యెత్తనివాడు చెయ్యెత్తుతాడు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మా గూడలో ఇంగ్లీషు ఒక్కటే పోయినవాళ్ళు ఇద్దరున్నారు. మిగతావన్నీ పాసే. సప్లిమెంటరీకి కట్టలేదు. అన్న చెన్నైలో బిల్డింగు పనికి పోయాడు. అక్కకి ఆ వేసవిలోనే పెళ్ళి చేసేశారు. ఆ అక్క పోడు పని, పిల్లలు, సంత గురించి చెబుతుంటే గంటసేపు వినాలనిపిస్తుంది. అన్ని మాటలున్న మనిషికి పరీక్షలో రాయడానికి పది వాక్యాలు లేకుండా పోయాయంటే లోపం ఆమెది కాదు. ఆమె మాటలు పేపరులో రాయొచ్చని ఎవరూ చెప్పలేదు.

కాబట్టి మిత్రులారా! వచ్చే సంచిక నుంచి ఈ పత్రికలో కింద ఒక మూల ఖాళీగా ఉంచమని సంపాదక మిత్రులను అడిగాను, ఒప్పుకున్నారు. కందికొత్తల పండుగ గురించి, మీ జీడితోట గురించి, మీ అవ్వ గురించి ఐదు ఇంగ్లీషు వాక్యాలు రాసి అక్కడ అంటించండి. తప్పులుంటే కింద పెన్సిలుతో దిద్దుకుందాం. పేర్లు రాయక్కరలేదు. మొదటి కాగితం శనివారం లోపల పెట్టాలి.

- పదవ తరగతి, బి సెక్షను