ఆపరేషన్ సక్సెస్... మరి ఆ తర్వాత?



ఊళ్లో ఎవరికైనా కిడ్నీ మార్పిడి చేయాలని తెలిస్తే చాలు, మన మెయిల్ బాక్సులు నిండిపోతాయి. ఒకరు అకౌంట్ నంబర్ పంపుతారు, ఇంకొకరు ఎక్సెల్ షీట్ తెరుస్తారు, వారం తిరక్కుండా డబ్బు పోగవుతుంది. "ఆపరేషన్ సక్సెస్" అన్న కబురు రాగానే ఒకరినొకరు అభినందించుకుని ఆ సంగతి మరచిపోతాం. నేనూ అలాగే మరచిపోయాను.

నా చిన్ననాటి మిత్రుడికి వాళ్లమ్మ కిడ్నీ ఇచ్చింది. హైదరాబాదులో ఆపరేషన్ బాగా జరిగింది. పది నెలల తర్వాత సాయంత్రం పూట జ్వరం, దగ్గు మొదలయ్యాయి. సొంతూరి దగ్గరి టౌనులో టీబీ అని తేల్చి మందులిచ్చారు. టీబీ తగ్గింది, కిడ్నీ మాత్రం పోయింది. ఇప్పుడు వాడు వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కు వెళ్తున్నాడు. "నేనిచ్చిన కిడ్నీ మంచిది కాదా బిడ్డా?" అని ఆ తల్లి ఫోనులో అడిగితే నా దగ్గర జవాబు లేదు.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని, డాక్టరుని కాను. కానీ ఆ ప్రశ్న నన్ను చదివించింది.

మన ఒంట్లోని రోగనిరోధక శక్తికి అమ్మ ఇచ్చిన కిడ్నీ కూడా పరాయిదే. 1954లో బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే చేసిన కిడ్నీ మార్పిడి నిలబడిందంటే దాత, గ్రహీత ఒకే పోలిక ఉన్న కవలలు కాబట్టే. మిగతావారికి దారి చూపినవి ఆ నిరోధక శక్తిని అణిచే మందులు. 1983లో అమెరికాలో అనుమతి పొందిన సైక్లోస్పోరిన్, ఆ తర్వాత వచ్చిన టాక్రోలిమస్ అలాంటివే. మోతాదు తగ్గితే శరీరం కిడ్నీని తిరస్కరిస్తుంది, ఎక్కువైతే ఇన్ఫెక్షన్లు ముసురుకుంటాయి. కత్తి అంచు మీద నడకే! అందుకే రక్తంలో మందు ఎంత ఉందో కొలుస్తూ ఉండాలి.

ఇప్పుడు అసలు చిక్కు చూడండి. టీబీకి వాడే రిఫాంపిసిన్ కాలేయంలోని ఎంజైములను రెచ్చగొడుతుంది. అవి టాక్రోలిమస్‌ను త్వరత్వరగా విరిచేస్తాయి. రోగి రోజూ అదే మాత్ర వేసుకుంటున్నా రక్తంలో మందు నిలవదు. అప్పుడు తరచూ పరీక్ష చేసి మోతాదు పెంచాలి, లేదా రిఫాంపిసిన్‌కు బదులు వేరే మందు చూడాలి. మావాడికి ఆ రక్తపరీక్ష ఒక్కసారి కూడా జరగలేదు. అమ్మ ఇచ్చిన కిడ్నీలో లోపమేమీ లేదు.

ఇదేదో నూటికో కోటికో జరిగేదని అనుకోకండి. వెల్లూరు సీఎంసీ వైద్యులు 1986-99 మధ్య కిడ్నీ మార్పిడి జరిగిన 1,251 మందిని పరిశీలిస్తే సుమారు 13 శాతం మందికి టీబీ వచ్చింది. అమెరికాలో, పశ్చిమ యూరప్‌లో ఇది చాలా అరుదు. మరి ప్రపంచం పాటించే మోతాదులు ఎవరి మీద పరీక్షించినవి? 2007లో వెలువడిన ప్రఖ్యాత 'సింఫనీ' అధ్యయనంలో 1,600 మందికి పైగా రోగులున్నారు, అత్యధికులు తెల్లజాతివారే. అది గొప్ప పరిశోధనే, కాదనను. కానీ టాక్రోలిమస్‌ను వేగంగా విరిచే జన్యువు తెల్లవారిలో కంటే దక్షిణాసియా వారిలో ఎక్కువగా కనిపిస్తుంది. మన ఒళ్లు వేరు, మన చుట్టూ ఉన్న జబ్బులు వేరు. ఒక సర్వర్ మీద టెస్ట్ చేసిన కోడ్‌ను వేరే సర్వర్ మీద కళ్లు మూసుకుని నడిపితే ఏమవుతుందో మనకి ఒకరు చెప్పాలా?

"అంటే మనవాళ్ల మీద ప్రయోగాలు చేయమంటావా?" అని కొందరు కోప్పడవచ్చు. ఆ కోపానికి కారణం ఉంది. ఖమ్మం జిల్లాలో 2009లో గిరిజన బాలికలకు హెచ్‌పీవీ టీకాలు వేసినప్పుడు తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టిన వైనాన్ని 2013లో పార్లమెంటరీ సంఘం తప్పుపట్టింది. నేనడిగేది అలాంటి పరిశోధన కాదు. రోగికి అర్థమయ్యే తెలుగులో చెప్పి, ఒప్పించి, మార్పిడి తర్వాత ఏళ్ల తరబడి వెన్నంటి ఉండే పరిశోధన.

అమెరికా మాత్రం తప్పు చేయలేదా? 65 ఏళ్లలోపు కిడ్నీ మార్పిడి రోగుల్లో చాలామందికి మెడికేర్ 36 నెలలే ఈ మందుల ఖర్చు భరించేది. మందులు మానేసి కిడ్నీ పోగొట్టుకున్నవాళ్లను మళ్లీ డయాలిసిస్‌లో పెట్టి అంతకంటే ఎక్కువ ఖర్చు చేసింది. రోగులు, వైద్యులు ఏళ్లపాటు పోరాడితే 2020 డిసెంబరులో చట్టం మారింది, 2023 జనవరి నుంచి అమలైంది. పోరాడితేనే మారింది, గుర్తుంచుకోండి.

కనుక రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలను మనం అడగాల్సినవి మూడు. మార్పిడి జరిగిన ప్రతి రోగికీ జీవితాంతం మందులతో పాటు మందు స్థాయి పరీక్ష కూడా జిల్లా కేంద్రంలోనే ఉచితంగా అందాలి. టీబీ మందు రాసే ప్రతి డాక్టరూ "అవయవ మార్పిడి జరిగిందా?" అని అడిగి తీరాలి. మార్పిడి తర్వాత ఎవరికేం జరిగిందో నమోదు చేసే రిజిస్ట్రీ పెట్టి, పేర్లు తీసేసి ఆ వివరాలను పరిశోధకులకు ఇవ్వాలి. డేటాబేస్ కట్టడం మనలో ఎంతమందికి రోజువారీ పని! ఆ పనికి ముందుగా నా పేరు రాసుకోండి.

ఈసారి చందా పంపేటప్పుడు ఒక్క ప్రశ్న కూడా జతచేసి పంపండి: "ఆపరేషన్ తర్వాత ఎవరు చూస్తారు?"