గాలికుంటుకు డోసుల లెక్క ఒక్కటే చాలదు

గాలికుంటు సోకిన గేదె మేత ముట్టదు. నోటి నుంచి చొంగ తీగలుగా కారుతుంది, నాలుక మీద పొర ఊడి వస్తుంది, గిట్టల మధ్య పుండ్లు పడి కుంటుతుంది. పెద్ద పశువులు చాలావరకు బతికి బయటపడతాయి కాబట్టి ఈ జబ్బును మనం తేలిగ్గా తీసుకుంటున్నాం. లేగదూడలు మాత్రం గుండె కండరం దెబ్బతిని, ఒక్కోసారి నోట్లో పుండైనా కనిపించకముందే కుప్పకూలుతాయి. కోలుకున్న ఆవుల్లో కొన్ని రొప్పు పట్టి, ఎండకు తాళలేక, సకాలంలో ఎదకు రాక మిగిలిపోతాయి. పాల డబ్బుతో నెల గడిచే ఇంటికి అలాంటి ఆవు ఉన్నా లేనట్టే.

గాలికుంటు, బ్రూసెల్లోసిస్‌ల అదుపునకు కేంద్రం 2019 సెప్టెంబరులో మథురలో జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. ఐదేళ్లకు రూ.13,343 కోట్లు కేటాయించింది. 2030 నాటికి గాలికుంటును నిర్మూలించాలన్నది లక్ష్యం. రైతు పైసా కట్టనక్కర్లేని ఈ టీకా కార్యక్రమం కచ్చితంగా కొనసాగాలి. పేచీ అంతా కొలమానంతోనే. ఎన్ని పశువులకు చెవిపోగు వేశాం, ఎన్ని డోసులు ఆన్‌లైన్‌లో ఎక్కించాం అన్నదే విజయంగా చెప్పుకొంటున్నాం.

గాలికుంటు టీకా రక్షణ ఇంచుమించు ఆరు నెలలే. పైగా మన దేశంలో తిరుగుతున్న ఓ, ఏ, ఏషియా-1 రకాల్లో ఒకదానికి వచ్చిన రక్షణ మరొకదానికి పనికిరాదు. మూడింటికీ కలిపి వేయాలి, గడువు దాటకుండా వేయాలి, సీసా ఫ్యాక్టరీ నుంచి పాక దాకా 2–8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. ఎండలో మోటార్‌సైకిల్‌పై వచ్చిన ఐస్‌పెట్టెలో మంచు కరిగిపోయి ఉంటే, ఆ డోసు ఆన్‌లైన్ లెక్కలో ఉంటుంది, పశువు ఒంట్లో మాత్రం పనిచేయదు.

దూడకు నాలుగో నెలలో తొలి డోసు, నెల తిరిగాక బూస్టర్ వేయాలి. కేవలం దూడల కోసం బృందం నెలకే మళ్లీ అదే ఊరికి రావాలన్నమాట. విడతలవారీ శిబిరాల్లో సులువుగా జారిపోయేది ఈ బూస్టరే. నిండు చూడి పశువులనూ ఆ విడతలో వదిలేస్తారు, ఈనాక వాటికి సూది వేసే బాధ్యత ఎవరిదో పేరు పెట్టి తేల్చాలి. సూది వేస్తే రెండు రోజులు పాలు తగ్గుతాయని పశువును చాటుకు తోలే రైతునూ తప్పుపట్టలేం. ఆ రెండు రోజుల పాల ధర డెయిరీలో జమచేస్తే, ఎన్ని అవగాహన సదస్సులు పెట్టినా రాని సహకారం వస్తుంది.

టీకా పనిచేసిందో లేదో రక్తం చెబుతుంది. విడత ముగిసిన నెలకు ఊళ్లలో నమూనాలు తీసి చూస్తే ఎన్నింటికి రక్షణ నిలిచిందో తెలుస్తుంది. మరో పరీక్షతో, అసలు వైరస్ సోకిన పశువులను టీకా మాత్రమే పడిన పశువుల నుంచి వేరు చేయవచ్చు. వైరస్ ఇంకా ఎక్కడ తిరుగుతోందో పట్టించేది ఈ రెండో పరీక్షే. ఈ ఫలితాలను మండలాలవారీగా ప్రకటించాలి. పశువుల మరో వైరస్ జబ్బు రిండర్‌పెస్ట్‌ను 2011లో ప్రపంచం నుంచే తుడిచిపెట్టగలిగింది టీకా ఒక్కదానితోనే కాదు. చివరి దశలో టీకాలు ఆపి, ఊరూరా రోగం కోసం గాలించారు. అక్కడ ఒక్క డోసు జీవితాంతం కాపాడింది. ఆ వెసులుబాటు లేని గాలికుంటుకు ఇంకా ఎక్కువ గాలింపు కావాలి.

ఇక సంతలు. పెబ్బేరు, అంగళ్లు వంటి చోట్ల వారం వారం ఎక్కడెక్కడి పశువులో ఒకే మైదానంలో ముట్టెలు రాసుకుంటాయి. వ్యాధి కనిపిస్తే పశువుల రాకపోకలను, సంతలను నిలిపే అధికారం 2009 నాటి కేంద్ర చట్టంలో ఉంది. రోగం వస్తే కబురు చేయాల్సిన బాధ్యతను రైతు మీదా పెట్టింది. కానీ కబురు చేస్తే సంత మూతపడుతుంది, చేయకపోతే కుంటుతున్న గేదెను ఎంతో కొంతకు వదిలించుకోవచ్చు. అప్పుల్లో ఉన్న మనిషి ఏది ఎంచుకుంటాడో ఊహించడం కష్టం కాదు. అమ్మకుండా పాకలో ఉంచిన రోజులకు దాణా, మందులు ప్రభుత్వం ఇస్తేనే ఆ చట్టం నడుస్తుంది. గాలికుంటు రహిత జోన్లుగా తీర్చిదిద్దాలని కేంద్రం ఎంచుకున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. ఊళ్లు దాటి మేతకు పోయే గొర్రెల మందలు ఏ విడతలో ఏ జిల్లాలో ఉంటాయో రెండు రాష్ట్రాలూ కలిసి ముందే లెక్క వేసుకోవాలి. గొర్రెల్లో కుంటి నడక తప్ప రోగం పెద్దగా బయటపడదు, వైరస్ మాత్రం వాటితోపాటే పొలిమేర దాటుతుంది.