తెలియదంటే మనకు శిక్ష, వాళ్లకు మినహాయింపా?

ఒక మాట అడుగుతాం. అడవిలో చెట్టు కొట్టారని కేసు పెట్టినప్పుడు "అది నేరమని నాకు తెలియదు సార్" అని మన పెద్దాయన అంటే స్టేషన్‌లో ఎవరైనా వింటారా? వినరు. చట్టం తెలియకపోవడం సాకు కాదంటారు. కోర్టు కూడా అదే అంటుంది. మరి అదే స్టేషన్‌లో ఎస్సైకి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సరిగా తెలియకపోతే? ఆ తెలియనితనానికి నష్టపోయేది ఎవరు? మళ్లీ ఆ పెద్దాయనే.

అందుకే పోలీసుల ట్రైనింగ్ గురించి మనం మాట్లాడుకోవాలి. అది వాళ్ల డిపార్ట్‌మెంటు వ్యవహారం, మనకెందుకు అనుకోకండి. మన కంప్లైంట్ తీసుకునేదీ, రాసేదీ, దర్యాప్తు చేసేదీ వాళ్లే. అక్కడ రాసిన కాగితం మీదే కేసు నిలబడుతుంది, లేదా పడిపోతుంది.

2010లో ట్రైనింగ్ పూర్తి చేసుకుని స్టేషన్‌కి వచ్చిన ఒక ఎస్సైని ఊహించుకోండి. ఆయన చదివిన చట్టం ఇప్పుడు ఎంత మిగిలింది? 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు, నేరం జరిగినట్టు ఫిర్యాదులోనే కనిపిస్తే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని చెప్పింది. 2016 జనవరి 26 నుంచి అట్రాసిటీ చట్టంలో పెద్ద సవరణలు అమల్లోకి వచ్చాయి. 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నీరుగార్చే తీర్పు ఇస్తే, దేశమంతా దళిత, ఆదివాసీ సంఘాలు రోడ్డెక్కాయి. అదే ఏడాది పార్లమెంటు 18ఏ సెక్షన్ తెచ్చింది. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 2024 జులై 1 నుంచి ఐపీసీ, సీఆర్పీసీ, సాక్ష్యాధారాల చట్టం మూడూ పోయి, బీఎన్ఎస్, బీఎన్ఎస్ఎస్, బీఎస్ఏ వచ్చాయి. ఎఫ్ఐఆర్ గురించి చెప్పే 154 సెక్షన్ ఇప్పుడు 173 అయింది. హత్య 302 కాదు, 103. ఇన్ని మార్పులు జరిగాక, ఉద్యోగంలో చేరినప్పుడు చదివిన చదువుతోనే సర్వీసంతా నెట్టుకొస్తానంటే కుదురుతుందా?

కొత్త చట్టాల మీద పోలీసులకు క్లాసులు జరిగాయి, నిజమే. అయితే అక్కడే మనకు ఒక ప్రమాదం పొంచి ఉంది. జాగ్రత్తగా చదవండి.

బీఎన్ఎస్ఎస్ 173(3) ఏమంటుందంటే, 3 ఏళ్ల నుంచి 7 ఏళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ అనుమతి తీసుకుని 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేసుకోవచ్చు. అట్రాసిటీ చట్టంలో మన వాళ్లు ఎక్కువగా పెట్టే 3(1) కేసుల్లో శిక్ష గరిష్ఠంగా 5 ఏళ్లు. కొత్త చట్టం మాత్రమే నేర్చుకున్న అధికారి ఏం చేస్తాడు? "రెండు వారాలు ఆగండి, ఎంక్వైరీ చేసి కేసు కడతాం" అంటాడు. ఆ రెండు వారాల్లో ఏం జరుగుతుందో మీకు చెప్పక్కర్లేదు. ఊరి పెద్దలొస్తారు, రాజీ మాటలొస్తాయి, బెదిరింపులొస్తాయి, సాక్షులు వెనక్కి తగ్గుతారు.

కానీ 18ఏ సూటిగా చెప్తోంది: అట్రాసిటీ కేసులో ఎఫ్ఐఆర్ కట్టడానికి ప్రాథమిక విచారణ అవసరం లేదు. ఇదే చట్టంలోని 20వ సెక్షన్ ప్రకారం వేరే చట్టంతో తేడా వస్తే ఈ చట్టం మాటే చెల్లుతుంది. ఈ రెండు సెక్షన్లు పక్కపక్కన పెట్టి చెప్పని ట్రైనింగ్ మనకు మేలు చేయదు, కీడు చేస్తుంది. అందుకే ట్రైనింగ్ జరిగిందా అని మాత్రమే కాదు, అందులో ఏం చెప్పారు అని కూడా అడగాలి.

ఇంకో సంగతి, భాష. చట్టం 4(2) సెక్షన్‌లో పోలీసు చేయాల్సిన పనులు వరసగా రాసి ఉన్నాయి. మొదటిదే ఇది: నోటిమాటగా చెప్పిన ఫిర్యాదును రాసుకుని, సంతకం పెట్టించే ముందు దాన్ని తిరిగి చదివి వినిపించాలి. గోండి, కోయ, కువి, సవర మాట్లాడే అమ్మ చెప్పిన బాధను రైటర్ తెలుగులో రాసి, తెలుగులోనే గబగబా చదివి వేలిముద్ర వేయించుకుంటే, అది వినిపించినట్టా? ఆమె "నా చేను తొక్కించారు, కులం పేరుతో తిట్టారు, కొట్టారు" అని చెప్తే కాగితం మీద "ఇరువర్గాల గొడవ" అని మిగులుతుంది. కాబట్టి ట్రైనింగ్ ఎస్సైకి మాత్రమే ఇస్తే సరిపోదు. పెన్ను పట్టుకునే రైటర్‌కీ, గేటు దగ్గర మొదట ఎదురయ్యే కానిస్టేబుల్‌కీ ఇవ్వాలి.

దర్యాప్తు సరిగా లేకపోతే ఏమవుతుందో వాకపల్లి మనకు నేర్పింది. 2007 ఆగస్టు 20న గాలింపుకు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై సామూహిక అత్యాచారం చేశారని విశాఖ ఏజెన్సీలోని ఆ ఊరికి చెందిన 11 మంది కోందు మహిళలు ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నం ప్రత్యేక కోర్టు, విచారణ ఎదుర్కొన్న పోలీసులను నిర్దోషులుగా విడుదల చేసింది. అదే తీర్పులో దర్యాప్తు తీరును తప్పుపట్టింది, ఆ మహిళలకు పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. దాదాపు 16 ఏళ్లు కోర్టు గుమ్మం పట్టుకుని నిలబడిన ఆడవాళ్లకు చివరికి దక్కింది దర్యాప్తు బాగాలేదన్న మాట. ఎఫ్ఐఆర్ కట్టడం ఒక్కటే న్యాయం కాదు. దర్యాప్తు చేసే చెయ్యి కూడా చట్టం తెలిసినదై ఉండాలి. ఈ చట్టం కింద దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారే చేయాలని 7వ నిబంధన చెప్తోంది. కింది అధికారి చేస్తే అట్రాసిటీ సెక్షన్లు కోర్టులో ఎగిరిపోతాయి. తప్పు అధికారిది, కేసు పోయేది మనది.

పోడు సంగతీ ఇంతే. ఫారెస్టు వాళ్ల వెంట బందోబస్తుకు వచ్చే పోలీసుకు అటవీ హక్కుల చట్టం 2006లోని 4(5) సెక్షన్ తెలుసా? హక్కుల గుర్తింపు, పరిశీలన పూర్తయ్యే దాకా సాగులో ఉన్న ఆదివాసీని ఆ భూమి నుంచి వెళ్లగొట్టకూడదని అందులో ఉంది. మన భూమి మీద హక్కుల్ని, అటవీ హక్కులతో సహా, అన్యాయంగా అడ్డుకోవడం, పంట నాశనం చేయడం అట్రాసిటీ చట్టం 3(1)(జీ) కింద నేరమని తెలుసా? తెలిస్తే ట్రాక్టర్‌కి కాపలా కాసే ముందు ఒక్కసారైనా ఆగి, కాగితాలు చూపించమని అడుగుతాడు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ట్రైనింగ్ కావాలని మనం అడిగితే, రేపు "మా వాళ్లకు ట్రైనింగ్ లేదు, అందుకే తప్పు జరిగింది" అని తప్పించుకునే దారి దొరుకుతుంది. ఆ దారి మూసేయాలి. అట్రాసిటీ చట్టం 4వ సెక్షన్, కావాలని విధి నిర్వహణలో నిర్లక్ష్యం చేసిన ఎస్సీ, ఎస్టీయేతర అధికారికి 6 నెలల నుంచి ఏడాది దాకా జైలు అంటోంది. ట్రైనింగ్ ఇచ్చినట్టు, పరీక్ష పెట్టినట్టు సర్వీసు రికార్డులో ఉంటే "నాకు తెలియదు" అనే మాటకు చోటుండదు. మనం ట్రైనింగ్ అడిగేది వాళ్ల మీద జాలితో కాదు, లెక్క అడగడానికి. నిజాయితీగా పనిచేయాలనుకునే ఎస్సైలూ ఉన్నారు. బందోబస్తులతో పుస్తకం తెరిచే తీరిక లేని వాళ్లకు కూడా ఇది మేలే.

మరి ఎలాంటి ట్రైనింగ్? ఏడాదికి ఒకసారైనా జరగాలి. హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో ప్రొజెక్టర్ ముందు కాదు, ఉట్నూరులో, భద్రాచలంలో, పాడేరులో, సీతంపేటలో జరగాలి. అట్రాసిటీ, అటవీ హక్కులు, పెసా, 1/70 నాలుగూ అందులో ఉండాలి. న్యాయవాదులతో పాటు ఆదివాసీ మహిళలు కూడా ఎదురుగా కూర్చుని చెప్పాలి. చివర్లో పరీక్ష ఉండాలి.

మీరు చేయగలిగింది కూడా ఉంది.

ఒకటి, జిల్లా ఎస్పీ ఆఫీసుకి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. గత మూడేళ్లలో అట్రాసిటీ చట్టం మీద ఎంతమందికి, ఎన్ని రోజులు, ఏ పాఠాలతో శిక్షణ ఇచ్చారో అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

రెండు, కలెక్టర్ అధ్యక్షతన జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ మూడు నెలలకోసారి కూర్చోవాలి. పోలీసు శిక్షణను ఆ మీటింగ్ ఎజెండాలో పెట్టమని సభ్యులకు రాతపూర్వకంగా ఇవ్వండి.

మూడు, ఊరివాళ్లు స్టేషన్‌కి వెళ్తే చదువుకున్న మీరు పక్కన నిలబడండి. రాసింది చదివి వినిపించమనండి, అర్థం కాకపోతే మన భాషలో చెప్పించండి, ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా తీసుకోండి. కేసు కట్టకపోతే 173(4) ప్రకారం ఎస్పీకి పోస్టులో పంపండి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లండి.

18ఏ, 4(2), 20. ఈ మూడు నంబర్లు ఫోన్‌లో రాసిపెట్టుకోండి. ఈసారి స్టేషన్‌లో "రెండు వారాలు ఆగండి" అన్నప్పుడు గొంతు పెంచక్కర్లేదు, ఈ సెక్షన్లు చూపిస్తే చాలు.