‘అదే సెట్టయితది’ అంటే నమ్మి తొక్కకండి

‘రెండు దినాలు తిప్పు అన్నా, అదే సెట్టయితది.’ కారు కంప్యూటర్‌లో కొత్త ట్యూన్ ఎక్కించి, ల్యాప్‌టాప్ వైరు పీకేస్తూ మెకానిక్ చెప్పే మాట ఇది. ఆ మాట పట్టుకుని కరీంనగర్ కుర్రాళ్లు రాజీవ్ రహదారి ఎక్కుతున్నారు, ఆదిలాబాద్ వాళ్లు మహబూబ్ ఘాట్‌లో బండి దమ్మెంతో చూస్తున్నారు. దయచేసి ఆగండి. కంప్యూటర్ సెట్టవుతున్న ఆ తొలి కొన్ని వందల కిలోమీటర్లలోనే ఇంజిన్‌కు అసలు గండం ఉంది.

ఎంత గాలికి ఎంత పెట్రోలు, ఏ క్షణాన స్పార్క్ అన్న లెక్కలు ట్యూన్ ఫైలులో ఉంటాయి. ఆ లెక్కల మీద కంప్యూటర్ సొంతంగా దిద్దుబాట్లు చేసుకుని గుర్తుపెట్టుకుంటుంది. మెకానిక్‌లు ‘లెర్నింగ్’ అనేది దీన్నే. కొన్ని బండ్లలో ఫైలు మార్చినా పాత లెర్నింగ్ చెరిగిపోదు. నిన్నటి ట్యూన్‌కు చేసుకున్న దిద్దుబాటు ఇవాళ్టి ట్యూన్ మీద పడుతుంది. ఐడిలింగ్ ఎగుడుదిగుడవుతుంది, ఆటోమేటిక్ గేర్లు కుదుపుతాయి, ఓవర్‌టేక్ మధ్యలో బండి ఒక్క క్షణం తటపటాయిస్తుంది. ఎదురుగా బొగ్గు లారీ వస్తుంటే ఆ ఒక్క క్షణం చాలు.

ఇంతకన్నా ముఖ్యమైంది నాకింగ్. డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు వినిపించే ఆ చప్పుడు పిస్టన్‌కు తగిలే దెబ్బ. ఆ దెబ్బను సెన్సార్ విన్న తర్వాతే కంప్యూటర్ స్పార్క్‌ను వెనక్కి జరుపుతుంది. అంటే ముందు దెబ్బ, తర్వాత పాఠం. కంపెనీ ఫైలులో దీనికి వెసులుబాటు ఉంటుంది. పవర్ కోసం ఆ వెసులుబాటునే కోసేసిన ట్యూన్‌తో, 45 డిగ్రీల మే నెల మధ్యాహ్నం, ఐదుగురిని ఎక్కించుకుని, ఘాట్‌లో పెద్ద గేరులోనే ఉంచి తొక్కితే, కంప్యూటర్ నేర్చుకునేలోపే పిస్టన్ పోవచ్చు. చిన్న టర్బో పెట్రోలు ఇంజిన్లకు ఈ ముప్పు మరీ ఎక్కువ.

పెట్రోలు సంగతి చాలామంది పట్టించుకోవడం లేదు. ఇథనాల్ లేని పెట్రోలు ఒక పాలు పూర్తిగా మండడానికి 14.7 పాళ్ల గాలి కావాలి. ఇప్పుడు మన బంకుల్లో పోసే, 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20కి సుమారు 13.5 చాలు. ఎక్కడో ఇథనాల్ లేని విదేశీ పెట్రోలుకు రాసిన ఫైలు తెచ్చి ఎక్కిస్తే, ఆ తేడా పూడ్చడానికే కంప్యూటర్ ఎనిమిది, తొమ్మిది శాతం ఇంధనం ఎక్కువ పోయాలి. దాని సర్దుబాటుకూ హద్దుంది. చాలా బండ్లలో 25 శాతం దగ్గరికి చేరగానే చేతులెత్తేసి చెక్ ఇంజిన్ లైటు వెలిగిస్తుంది. గాలి పైపు లీకో, ఇంజెక్టర్ లోపమో ముందే ఉంటే అక్కడిదాకా పోవడం ఎంతసేపు?

కాబట్టి ట్యూన్ మార్చినా, తిరిగి కంపెనీ ట్యూన్‌కు వచ్చినా, తొలి రోజుల్లో బరువు వద్దు, ఘాట్ వద్దు, ఫుల్ యాక్సిలరేటర్ అసలే వద్దు. ఊళ్లో కాసేపు, హైవే మీద ఒకే స్పీడులో కాసేపు నడపండి. తర్వాత స్కానర్ పెట్టించి ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ చేస్తున్న ఇంధన సర్దుబాటు ఎంతో చూపించమనండి. పది శాతం దాటి అక్కడే ఉంటే అది సెట్టవడం కాదు, రోగం. చెక్ ఇంజిన్ లైటు ఆగి ఆగి వెలుగుతుంటే మిస్‌ఫైర్ అవుతున్నట్టు. మండని పెట్రోలు పొగ గొట్టంలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తుంది. ‘ఇల్లు చేరినాక చూద్దాం’ అనకుండా పక్కకు తీసి ఆపండి. ఆ లైటు రాకుండా ఫైలులోనే నొక్కేసే ఘనులూ ఉన్నారు. వాళ్ల జోలికి పోవద్దు.

అనుమతి లేని మార్పు చేసిన యజమానికి మోటారు వాహనాల చట్టం 182ఏ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. వారంటీ పోతుంది. చెప్పకుండా చేసిన మార్పు బయటపడితే బీమా క్లెయిమ్ దగ్గర పేచీ తప్పదు. ఇవన్నీ తెలిసీ చేయించుకుంటానంటే, ముందు కంపెనీ ఒరిజినల్ ఫైలు కాపీ అడగండి. ఏ పెట్రోలుకు రాశారో, పాత లెర్నింగ్ చెరిపారో లేదో బిల్లు మీద రాయించుకోండి. రాసివ్వననే వాడిని ల్యాప్‌టాప్ వైరు మీ బండికి తగిలించనివ్వకండి.